ఇంట్లో స్ప్లిట్ ఏసీ బిగింపు: కన్నం వేయడం దగ్గర్నుంచి వాల్వులు తెరిచే దాకా

స్ప్లిట్ ఏసీని ఇంట్లో సరిగ్గా బిగించడం ఎలాగో వరుసగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. కొందరు సొంతంగా చేసుకోవాలనుకుంటారు. ఇంకొందరికి టెక్నీషియన్ పక్కన నిలబడి పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకుంటే చాలు. ఈ మార్గదర్శి ఇద్దరికీ పనికొస్తుంది.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కొత్త ఏసీలో గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి వస్తుంది. అది ఔట్‌డోర్ యూనిట్‌లో, రెండు సర్వీస్ వాల్వుల వెనక బందీగా ఉంటుంది. ఆ వాల్వులు తెరవనంత వరకు ఏ తప్పు జరిగినా వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. తెరిచాక లీకు బయటపడితే గ్యాస్ పోతుంది. పైపుల్లో తేమ మిగిలి ఉంటే అది నేరుగా కంప్రెసర్ నూనెలో కలుస్తుంది. కాబట్టి కింది పనులన్నీ పూర్తయ్యాకే ఆ వాల్వులు తిప్పే అలెన్ కీ చేతిలోకి తీసుకోవాలి.

## 1. ఏ పని ఎవరు చేయాలి

చోటు చూసుకోవడం, బ్యాక్‌ప్లేట్ బిగించడం, గోడకు కన్నం వేయడం, పైపు దారి సిద్ధం చేయడం, డ్రెయిన్ పైపు వేయడం: డ్రిల్ మిషన్ అలవాటున్న మనిషి ఈ పనులు జాగ్రత్తగా చేసుకోవచ్చు.

కరెంటు లైన్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. గ్యాస్‌తో ముడిపడిన పని, అంటే ప్రెషర్ టెస్టు, వ్యాక్యూమ్ (పైపుల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేయడం), వాల్వులు తెరవడం, అందులో శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. చాలా దేశాల్లో చట్టం కూడా ఇదే చెబుతుంది. సర్టిఫికెట్ లేని మనిషి బిగిస్తే వారంటీ చెల్లదని చాలా కంపెనీలు షరతు పెడతాయి. పని మొదలుపెట్టక ముందే వారంటీ కార్డు చదవండి.

ఇప్పుడు వచ్చే ఏసీల్లో ఎక్కువగా ఆర్32 గ్యాస్ ఉంటుంది. దానికి కొద్దిగా మండే గుణం ఉంది. ప్రొపేన్, అంటే ఆర్290, అయితే బాగా మండుతుంది. రెండూ గాలి కన్నా బరువైనవే కాబట్టి లీకైతే నేల దగ్గర పేరుకుంటాయి. ఏ గ్యాసో ఔట్‌డోర్ యూనిట్ నేమ్‌ప్లేట్ మీద రాసి ఉంటుంది. పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గర్లో మంట గానీ సిగరెట్ గానీ ఉండకూడదు.

## 2. సైజు, చోటు

1 టన్ అంటే గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే ఒక యూనిట్) వేడిని బయటికి పంపే శక్తి, సుమారు 3.5 కిలోవాట్లు. ఎంత టన్నేజీ కావాలో గది వైశాల్యం ఒక్కటే చూసి చెప్పలేం. పైకప్పు మీద నేరుగా ఎండ పడుతుందా, పడమటి గోడ ఉందా, కిటికీలు ఎంత పెద్దవి, గదిలో ఎంతమంది ఉంటారు అన్నవన్నీ లెక్కలోకి రావాలి. ‘ఎందుకైనా మంచిది’ అని పెద్దది కొనకండి. పెద్ద ఏసీ గదిని చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ లాగేంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిగటగా ఉంటుంది.

ఇండోర్ యూనిట్‌కి బయటి గోడ అన్నిటికన్నా మంచిది. పైపు పొట్టిగా సరిపోతుంది, నీళ్లు వాలుగా బయటికి పోతాయి. లోపలి గోడ మీద పెడితే డ్రెయిన్ పైపు చాలా దూరం వెళ్లాలి. తర్వాత వచ్చే నీటి సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి.

చోటు ఖాయం చేసే ముందు ఇవి చూడండి:

- పైన సీలింగ్‌కి కనీసం 15 సెం.మీ. ఖాళీ ఉందా? పక్కల 10 నుంచి 15 సెం.మీ.? మీ మోడల్ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.
- నేల నుంచి 2.1 మీటర్ల కన్నా ఎత్తులో ఉందా?
- గాలి నేరుగా మంచం తలవైపు కొడుతుందా?
- యూనిట్ కింద టీవీ, ప్లగ్ బోర్డు ఉన్నాయా? నీళ్లు కారితే ముందు పాడయ్యేవి అవే.
- ఫిల్టర్లు తీసి కడగడానికి నిచ్చెన వేసుకునే వీలుందా?

ఔట్‌డోర్ యూనిట్ దగ్గర చూడాల్సింది గాలి. వెనక నుంచి గాలి పీల్చి, ముందు నుంచి వేడిగాలి వదులుతుంది. వెనక కనీసం 10 నుంచి 15 సెం.మీ., ముందు 60 సెం.మీ. పైన, వాల్వులున్న పక్క చెయ్యి పెట్టి పనిచేసేంత ఖాళీ కావాలి. అందంగా కనిపిస్తుందని చుట్టూ జాలీ కట్టేస్తుంటారు. అప్పుడు వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది.

చివరగా పైపు పొడవు. చాలా మోడళ్లకు కనీస పొడవు 3 మీటర్లు. గరిష్ఠ పొడవు, రెండు యూనిట్ల మధ్య ఎత్తు తేడా మాన్యువల్‌లో ఉంటాయి. ఫ్యాక్టరీలో నింపిన గ్యాస్ ఎన్ని మీటర్లకు సరిపోతుందో కూడా అక్కడే ఉంటుంది. ఆ అంకె విడిగా రాసి పెట్టుకోండి, 10వ మెట్టులో దానితో పని పడుతుంది.

## 3. సామాన్లు

అన్నీ చేతిలో ఉన్నాకే మొదలుపెట్టండి. మధ్యలో ఏదో తక్కువై బజారుకు వెళ్తే రాగి పైపుల నోళ్లు తెరిచి ఉండిపోతాయి. గాలిలోని తేమ లోపలికి చేరుతుంది.

- రాగి పైపులు, యూనిట్‌తో వచ్చిన సైజుల్లోనే. 1 టన్‌కి మామూలుగా 6.35, 9.52 మి.మీ., 1.5 టన్‌కి 6.35, 12.7 మి.మీ. పైపు గోడ మందం 0.8 మి.మీ. ఉండాలి
- పైపులకు విడివిడిగా తొడిగే ఫోమ్, ఎండకు తట్టుకునే చుట్టుడు టేపు
- పైపు కట్టర్, రీమర్ (కోసిన అంచు గీరేది), ఫ్లేర్ టూల్ (జాయింట్ కోసం పైపు మూతిని గరాటులా విచ్చేది), బెండర్ లేదా బెండింగ్ స్ప్రింగ్
- టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్), దానికి తోడు పట్టుకోవడానికి మరో స్పానర్
- స్పిరిట్ లెవెల్, టేపు, 65 మి.మీ. కోర్ బిట్, గోడ కన్నంలో దించే స్లీవ్
- డ్రెయిన్ పైపు, క్లాంపులు, పుట్టీ
- రెగ్యులేటర్‌తో నైట్రోజన్ సిలిండర్, గేజ్ మ్యానిఫోల్డ్ (ప్రెషర్ చూపే గేజ్‌లు, హోస్ పైపులున్న సెట్), వ్యాక్యూమ్ పంప్, మైక్రాన్ గేజ్ (అతి తక్కువ ప్రెషర్‌ను మైక్రాన్లలో కొలిచేది), డిజిటల్ తూకం
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, దుమ్ము మాస్కు

టెక్నీషియన్‌ను పిలుస్తున్నారా? ఫోన్‌లో ముందే రెండు ప్రశ్నలు అడగండి. వ్యాక్యూమ్ పంప్ తెస్తారా? టార్క్ రెంచ్ ఉందా? ఆ జవాబులు వింటే ఆయన పనితీరు సగం తెలిసిపోతుంది.

## 4. బ్యాక్‌ప్లేట్, గోడ కన్నం

పెట్టెలో వచ్చిన ఇనుప ప్లేటును గోడకు ఆనించి, స్పిరిట్ లెవెల్‌తో సమంగా ఉందో లేదో చూసి గుర్తులు పెట్టండి. ‘నీళ్లు బాగా పోవాలి’ అని ప్లేటునే ఒక పక్కకు వంచేవాళ్లున్నారు. ఆ అవసరం లేదు. వాలు ఇవ్వాల్సింది డ్రెయిన్ పైపుకి, గోడ కన్నానికి. యూనిట్ లోపలి నీటి తొట్టికి కావలసిన వాలు తయారీలోనే ఉంటుంది.

ఇటుకల మధ్య సిమెంటు సందులో స్క్రూ దింపితే పట్టు నిలవదు, ఇటుకలోనే దింపండి. జిప్సం బోర్డు గోడైతే వెనకున్న ఫ్రేముకే బిగించాలి. కనీసం 5 చోట్ల, ముఖ్యంగా యూనిట్ కొక్కేలు తగులుకునే చోట్ల, స్క్రూలు పడాలి. బిగించాక ప్లేటును రెండు చేతులా గట్టిగా కిందికి లాగి చూడండి.

కన్నం వేసే ముందు గోడ లోపల ఏముందో తెలుసుకోవాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయిలకు ఎదురుగా వైర్లూ పైపులూ ఉండే అవకాశం ఎక్కువ. డిటెక్టర్ ఉంటే వాడండి. బీమ్, పిల్లర్ మాత్రం ముట్టుకోవద్దు.

ముందు పొడవాటి సన్న బిట్‌తో దారి వేసి, అవతల ఎక్కడ తేలిందో చూసి, ఆ తర్వాత 65 మి.మీ. కోర్ బిట్ పెట్టండి. కన్నం లోపలి వైపు కన్నా బయటివైపు 5 నుంచి 10 మి.మీ. కిందికి ఉండాలి. ఈ చిన్న వాలే నీళ్లను బయటికి నడిపిస్తుంది. కన్నం తిరగబడిందా, ఎన్ని డ్రెయిన్ పైపులు మార్చినా గోడ తడుస్తూనే ఉంటుంది. పైపులు దూర్చేశాక దీన్ని సరిచేయడం పెద్ద పని, కాబట్టి ఇక్కడే రెండుసార్లు కొలవండి.

తర్వాత స్లీవ్ దించండి. అది లేకపోతే ఇటుక అంచులు ఫోమ్‌ను కోసేస్తాయి.

## 5. ఔట్‌డోర్ యూనిట్ నిలబెట్టడం

నేల మీద పెట్టే వీలుంటే అదే మేలు. గోడకైతే యూనిట్ బరువుకు రెండింతలకు పైగా మోయగల బ్రాకెట్, గట్టి గోడ, యాంకర్ బోల్టులు కావాలి. కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేసి నట్లు బిగించండి. ప్యాడ్లు మరిచిపోతే రాత్రిపూట గోడంతా గుంయ్‌మని మోగుతుంది.

ఎత్తులో పని ఉంటే, కిటికీలోంచి వంగి చేసే పని మీద ఎవరినీ పెట్టవద్దు. సేఫ్టీ బెల్టు, దాన్ని తగిలించడానికి గట్టి ఆధారం, కింద మనుషులు తిరగకుండా కాపలా: ఈ మూడూ లేకపోతే ఆ రోజుకి పని ఆపేయండి. యూనిట్‌ను పడుకోబెట్టి మోయవద్దు, కంప్రెసర్ నూనె దారి తప్పుతుంది.

## 6. రాగి పైపులు, ఫ్లేర్లు

బిగింపులో అసలు నైపుణ్యం ఇక్కడే. లీకుల్లో ఎక్కువ భాగం ఫ్లేర్ జాయింట్ల దగ్గరే పుడతాయి.

పైపు చుట్టను నేల మీద పెట్టి, ఒక కొసను పట్టుకుని దొర్లిస్తూ విప్పండి. స్ప్రింగులా పక్కకు లాగితే నలుగుతుంది. మలుపుల దగ్గర బెండర్ వాడండి. ఒకసారి నొక్కు పడిన పైపును సాగదీసి సరిచేసినా అది పాత పైపు కాదు. ఆ ముక్క కోసేయండి.

రెండు పైపుల నోళ్లకూ మూతలు పెట్టే ఉంచండి. గోడ కన్నంలోంచి దూర్చేటప్పుడు మూత లేకపోతే ఇటుక పొడి లోపలికి పోతుంది.

ఇక ఫ్లేర్. వరుస ఇది:

1. పైపును కట్టర్‌తో నిటారుగా కోయండి. హ్యాక్సా వాడవద్దు, రంపపు పొడి లోపల పడుతుంది.
2. పైపు నోటిని నేలవైపు వంచి పట్టుకుని రీమర్‌తో లోపలి అంచు గీరండి. అలా వంచితేనే రాగి రజను బయటికి రాలుతుంది.
3. నట్‌ను ముందే పైపుకి ఎక్కించండి. ఫ్లేర్ చేశాక అది ఎక్కదు.
4. టూల్ చెప్పిన కొలత మేరకే పైపు పైకి రానిచ్చి ఫ్లేర్ చేయండి.
5. వెలుతురులో పట్టుకుని చూడండి.

మంచి ఫ్లేర్ సన్నాయి మూతిలా అన్ని వైపులా సమంగా విచ్చుకుని, లోపలి ముఖం నున్నగా మెరుస్తూ ఉంటుంది. వేలి కొసతో అంచు చుట్టూ తడమండి. ఎక్కడైనా గరుకు తగిలినా, సన్నని చీలిక కనిపించినా, ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉన్నా కోసేసి మళ్లీ చేయండి. ఆర్32, ఆర్410ఏ (ఏసీల్లో వాడే మరో గ్యాస్) యూనిట్లకు ఫ్లేర్ బయటి వ్యాసం 6.35 మి.మీ. పైపుకి 8.7 నుంచి 9.1 మి.మీ., 9.52కి 12.8 నుంచి 13.2, 12.7కి 16.2 నుంచి 16.6 ఉండాలి. పాత ఏసీ ఫ్లేర్‌ను మళ్లీ వాడవద్దు.

జాయింట్ బిగించేటప్పుడు ఫ్లేర్ ముఖం మీద ఆ గ్యాస్‌కు సరిపోయే కంప్రెసర్ నూనె ఒక చుక్క రాయండి. టెఫ్లాన్ టేపు, జిగురు ఏదీ వద్దు. ఇక్కడ గ్యాస్‌ను ఆపేది రాగి, ఇత్తడి ఒకదానికొకటి నొక్కుకోవడమే.

పైపును సూటిగా నిలిపి, నట్‌ను వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పండి. వేళ్లకు తిరగకపోతే అది వంకరగా ఎక్కుతోందని అర్థం, విప్పి మళ్లీ పెట్టండి. తర్వాత ఒక స్పానర్‌తో జాయింట్‌ను కదలకుండా పట్టుకుని, టార్క్ రెంచ్‌తో బిగించండి:

- 6.35 మి.మీ.: 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు
- 9.52 మి.మీ.: 34 నుంచి 42
- 12.7 మి.మీ.: 49 నుంచి 60

మాన్యువల్‌లో అంకె కొద్దిగా తేడాగా ఉంటే దాన్నే తీసుకోండి. ‘ఇంకొంచెం బిగిస్తే గట్టిగా ఉంటుంది’ అనుకుంటే ఫ్లేర్ పల్చబడి, కొన్ని నెలలకు చీలుతుంది.

ఫోమ్‌ను రెండు పైపులకూ వేర్వేరుగా తొడగాలి. రెండూ చల్లగానే ఉంటాయి. జాయింట్ల దగ్గర మాత్రం ఇప్పుడే ఫోమ్ కప్పవద్దు, లీకు పరీక్ష ఉంది. బయట టేపును కింది నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్లండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టు మీద కూర్చుంటుంది, వాన నీరు లోపలికి దిగకుండా జారిపోతుంది.

## 7. డ్రెయిన్

కట్టలో అన్నిటికన్నా కింద ఉండాల్సింది డ్రెయిన్ పైపు. మీటరుకు కనీసం 1 సెం.మీ. వాలు ఇవ్వండి. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, పొట్టలా వేలాడకూడదు. చివర నీళ్లలో మునగకూడదు, నేల నుంచి 5 సెం.మీ. పైన ఉండాలి. మురుగు పైపులో నేరుగా కలిపితే ఆ వాసన గదిలోకి వస్తుంది.

గోడ లోపలా గది లోపలా నడిచే డ్రెయిన్‌కి కూడా ఫోమ్ తొడగాలి. లేకపోతే చల్లటి నీళ్లు నడిచే ఆ పైపు పైన చెమట పట్టి, లీకు లేకుండానే గోడ తడుస్తుంది.

కన్నం మూయక ముందే పరీక్ష చేయండి. ప్లేటుకు తగిలించిన ఇండోర్ యూనిట్ ముందు మూత, ఫిల్టర్లు తీసి, కరెంటు భాగాల వైపు పోకుండా కాయిల్ కింది తొట్టిలో మెల్లగా ఒక లీటరు నీళ్లు పోయండి. బయట ఆగకుండా రావాలి.

## 8. కరెంటు

ఏసీకి దాని సొంత లైన్, సొంత ఎంసీబీ, సరైన ఎర్త్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పనికిరాదు. వైరు మందం, ఎంసీబీ రేటింగ్ మాన్యువల్‌లో ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌కి ఆ పేజీ చూపించండి.

ఇండోర్, ఔట్‌డోర్ యూనిట్లను కలిపే కేబుల్‌లో కరెంటు వైర్లతో పాటు సిగ్నల్ వైరు కూడా ఉంటుంది. ఇటు 1 అని ఉన్న టెర్మినల్ అటు 1కే, 2 అనేది 2కే వెళ్లాలి. ఒక్కటి తారుమారైనా యూనిట్లు మాట్లాడుకోవు, ఎర్రర్ కోడ్ వస్తుంది. ఒక్కోసారి పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు, కాలిపోతుంది. మూతలు పెట్టే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి.

కేబుల్ మధ్యలో అతుకు ఉండకూడదు. బిగించిన ప్రతి వైరునూ లాగి చూడండి. వదులుగా ఉన్న టెర్మినల్ వేడెక్కి నల్లబడుతుంది, మంట అంటుకునేది అక్కడే. మెయిన్ స్విచ్ మాత్రం ఇప్పుడే వేయవద్దు.

## 9. నైట్రోజన్‌తో లీకు పరీక్ష

వాల్వులు మూసే ఉన్నాయని మొదట నిర్ధారించుకోండి. లావు పైపు వాల్వు మీదుండే సర్వీస్ పోర్టుకు గేజ్ తగిలించి, రెగ్యులేటర్ ఉన్న సిలిండర్ నుంచి పొడి నైట్రోజన్ మెల్లగా ఎక్కించాలి. ముందు 5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత), కాసేపు ఆగి 15 బార్, ఆ తర్వాత మాన్యువల్ లేదా నేమ్‌ప్లేట్ చెప్పిన పరీక్ష ప్రెషర్ దాకా. ఆర్32, ఆర్410ఏ యూనిట్లకు ఇది 40 బార్ దరిదాపుల్లో ఉంటుంది. గేజ్, హోస్ పైపులు అంత ప్రెషర్‌కు తగ్గవై ఉండాలి.

ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేలుతుంది. మామూలు కంప్రెసర్ గాలి కూడా వద్దు.

ప్రతి జాయింట్ మీదా సబ్బు నురుగు రాసి, ఓపిగ్గా చూడండి. పెద్ద లీకు వెంటనే బుడగలు కడుతుంది. చిన్న లీకు దగ్గర నట్ అంచున తెల్లటి సన్న నురగ మెల్లగా ఊరుతుంది, దానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. పరీక్షయ్యాక సబ్బును శుభ్రంగా తుడిచేయండి.

గేజ్ అంకెను, ఆ సమయాన్ని, వాతావరణ ఉష్ణోగ్రతను రాసుకుని కనీసం గంట ఆగండి. 40 బార్ దగ్గర ఉష్ణోగ్రత 1 డిగ్రీ తగ్గితే ప్రెషర్ 0.1 బార్ కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. ఆ లెక్క తీసేశాక కూడా ముల్లు దిగిందంటే లీకు ఉన్నట్టే. ప్రెషర్ వదిలేసి, ఆ జాయింట్ విప్పి, ఫ్లేర్ కొత్తగా చేయండి. ప్రెషర్ ఉండగా నట్ ముట్టుకోవద్దు.

## 10. వ్యాక్యూమ్

ఎక్కువమంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. ఏసీ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేదీ ఇదే. ఆర్32, ఆర్410ఏ యూనిట్లలో వాడే నూనె తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన నూనెలో యాసిడ్ పుట్టి, కంప్రెసర్ మోటారు వైండింగ్‌ను (చుట్టిన తీగను) లోపలి నుంచి తినేస్తుంది. ఈ నష్టం మొదటి వేసవిలో కనిపించదు.

పంపుకి నూనె కొత్తగా ఉండాలి. మైక్రాన్ గేజ్‌ను పంపు దగ్గర కాకుండా వీలైనంత దూరంగా, ఏసీ వైపు తగిలించండి. బయటి గాలి ప్రెషర్ 7,60,000 మైక్రాన్లు. మనకు కావాల్సింది 500 లేదా అంతకన్నా తక్కువ. అంత తక్కువ ప్రెషర్‌లో నీరు సున్నాకు దిగువ 24 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అందుకే పైపు గోడలకు పట్టిన తేమ ఆవిరై బయటికి వచ్చేస్తుంది.

మామూలు మ్యానిఫోల్డ్ గేజ్ ముల్లు 5,000 మైక్రాన్ల దగ్గరా, 500 దగ్గరా దాదాపు ఒకే చోట నిలబడుతుంది. కాబట్టి ముల్లు కిందికి వచ్చిందన్నా, పంపు ఇరవై నిమిషాలు తిరిగిందన్నా సరిపోదు. అంకె చూడాలి.

500 చేరాక పంపు వైపు వాల్వు మూసి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి.

- అంకె కొద్దిగా పెరిగి 1,000 లోపే నిలిచిపోతే సరే.
- పెరిగి 1,000, 2,000 మధ్య ఎక్కడో ఆగితే లోపల ఇంకా తేమ ఉంది. కొద్దిగా నైట్రోజన్ నింపి, వదిలి, మళ్లీ పంపు పెట్టండి.
- ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు. 9వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

‘పంపు ఎందుకండీ, కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తే చాలు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గాలి కొంత పోతుందేమో గానీ తేమ పోదు. యూనిట్‌లో తూకం వేసి నింపిన గ్యాస్ తగ్గుతుంది. ఆర్32 అయితే మండే గ్యాస్‌ను చేతులారా బయటికి వదిలినట్టు. గట్టిగానే చెప్పి పంపు తెప్పించండి.

పైపు పొడవు ఎక్కువైతే అదనపు గ్యాస్ కూడా ఇప్పుడే, వ్యాక్యూమ్‌లో ఉండగానే, తూకం మీద ఎక్కించాలి. ఉదాహరణకు ఫ్యాక్టరీ గ్యాస్ 5 మీటర్లకు సరిపోతుందని, ఆపైన మీటరుకు 20 గ్రాములని మాన్యువల్‌లో ఉందనుకుందాం. పైపు 9 మీటర్లైతే 80 గ్రాములు. ఆర్410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి దాన్ని సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి.

వ్యాక్యూమ్‌లో ఉండగా కంప్రెసర్‌ను ఆన్ చేయకూడదు. లోపల కరెంటు మెరుపులు వచ్చి వైండింగ్ కాలిపోతుంది.

## 11. వాల్వులు తెరవడం

చివరిసారిగా చూసుకోండి:

- నైట్రోజన్ పరీక్షలో ప్రెషర్ నిలిచింది
- వ్యాక్యూమ్ 500 లోపు దిగి, పంపు వైపు మూశాక 1,000 లోపే నిలిచింది
- డ్రెయిన్‌లో నీళ్లు ఆగకుండా పోయాయి
- వైర్ల నంబర్లు రెండు వైపులా ఒక్కటే
- అదనపు గ్యాస్ అవసరమైతే తూకం వేసి ఎక్కించారు

చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ద్రవంగా ఉన్న గ్యాస్ చర్మానికి తగిలితే గడ్డకట్టించి పుండు చేస్తుంది. అలెన్ కీతో సన్న పైపు వాల్వును పావు చుట్టు తిప్పి, ఐదారు సెకన్లకు మూసేయండి. జాయింట్ల మీద మళ్లీ సబ్బు నురుగు పెట్టండి. బుడగ లేకపోతే రెండు వాల్వులనూ పూర్తిగా, ఆగే చోటు దాకా తెరవండి. ఆగాక బలవంతం చేయవద్దు.

వాల్వుల ఇత్తడి మూతలు పనికిమాలినవని పక్కన పడేసేవాళ్లున్నారు. గ్యాస్ బయటికి రాకుండా చివరిగా ఆపేవి ఆ మూతలే. గట్టిగా బిగించండి.

ఇప్పుడు జాయింట్లకు ఫోమ్ కప్పి, కన్నాన్ని లోపలా బయటా పుట్టీతో మూసేయండి.

## 12. నడిపి చూడటం

ఇప్పుడు మెయిన్ స్విచ్ వేయండి. కూలింగ్ మోడ్, అతి తక్కువ ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఫుల్. ఇన్వర్టర్ ఏసీ అయితే మాన్యువల్‌లోని టెస్ట్ మోడ్ వాడండి. లేకపోతే వేగం మారుతూ ఉండి కొలతలు నిలకడగా రావు.

15 నుంచి 20 నిమిషాల తర్వాత పైన పీల్చుకునే గాలి, కింద వదిలే గాలి ఉష్ణోగ్రతలు కొలవండి. తేడా మామూలుగా 8 నుంచి 12 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. ఉక్కపోత రోజుల్లో తక్కువగా ఉంటుంది, కంగారు పడకండి. క్లాంప్ మీటర్‌తో చూస్తే కరెంటు నేమ్‌ప్లేట్ అంకె దాటకూడదు.

## 13. తేడా వస్తే ఎక్కడ చూడాలి

గదిలోకి నీళ్లు కారుతున్నాయి. డ్రెయిన్ వాలు, కన్నం వాలు, బ్యాక్‌ప్లేట్ లెవెల్, ఈ వరుసలో చూడండి. తర్వాత ఫిల్టర్లు.

సన్న పైపు మీద మంచు కడుతోంది. గ్యాస్ తక్కువై ఉండొచ్చు, వాల్వు సగమే తెరిచి ఉండొచ్చు, ఎక్కడో పైపు నలిగి ఉండొచ్చు. వాల్వు ముందు చూడండి, తేలిక పని.

ఆన్ చేయగానే ఎర్రర్ కోడ్. మెయిన్ ఆపి, 8వ మెట్టులో తీసిన ఫొటోతో వైర్లు పోల్చండి.

గోడ మోగుతోంది. రబ్బరు ప్యాడ్లు, బోల్టులు, గోడకు తగులుతున్న పైపు.

మధ్యాహ్నం మాత్రమే చల్లదనం తగ్గుతోంది. ఔట్‌డోర్ యూనిట్ వేడిగాలి ఎదురుగోడకు కొట్టుకుని వెనక్కి వస్తోందేమో, ముందు చెయ్యి పెట్టి చూడండి.

ఏటా గ్యాస్ నింపాలంటున్నారు. నమ్మకండి. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే లీకు ఉంది. లీకు పట్టుకుని మూసి, వ్యాక్యూమ్ పెట్టి, నేమ్‌ప్లేట్ తూకం ప్రకారం నింపమనండి.

మొదటి రెండు వారాలు జాయింట్ల దగ్గర నూనె మరక ఏమైనా కనిపిస్తోందా అని అప్పుడప్పుడు చూడండి. గ్యాస్ లీకయ్యే చోట నూనె కూడా కొద్దిగా ఊరుతుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది.

బిగించిన తేదీ, పైపు పొడవు, అదనంగా ఎక్కించిన గ్యాస్ ఎన్ని గ్రాములు, వ్యాక్యూమ్ ఎన్ని మైక్రాన్ల దగ్గర నిలిచింది: ఈ నాలుగూ చెరగని మార్కర్‌తో ఒక స్టిక్కర్ మీద రాసి, ఔట్‌డోర్ యూనిట్ సర్వీస్ మూత లోపలివైపు అంటించండి. తర్వాత ఎప్పుడు ఎవరు సర్వీసుకి వచ్చినా మొదట ఆ అంకెలే అడుగుతారు.